వొచ్చిందా అప్పా?

తప్పు ఎక్కడుందో తెలిసి కూడా ఒక మనిషి దాన్ని అలాగే ఉంచేస్తాడా? ఉంచితే ఎవరి కోసం ఉంచుతాడు? ఏళ్ళ తరబడి ఈ ప్రశ్న నాతో తిరుగుతోంది. అడగవలసిన మనిషి రోజూ బజార్లో ఎదురవుతూనే ఉండేవాడు. ఇంకా సమయముందిలే అనుకుంటూ వచ్చాను. క్రితం నెలతో ఆ సమయం అయిపోయింది.

మా ముంచింగిపుట్టు బజారు వాట్సాప్ గ్రూపులో ఆ ఉదయం ఒక మెసేజి వచ్చింది. కేబుల్ మావయ్య పోయాడని, ఆయన జ్ఞాపకార్థం పది నుంచి పదకొండు దాకా కేబుల్ ప్రసారాలు ఆపుతున్నామని. ఒంట్లో నలతగా ఉందని రెండు రోజులు పడుకున్నాడట. మూడోనాడు తెల్లవారినా లేవలేదట. సరిగ్గా పది గంటలకు ఎదురుగా ఉన్న టీ దుకాణంలో పాట ఆగిపోయింది. పక్కింట్లో వార్తలు ఆగిపోయాయి. వీధి నోరు ఎవరో మూసినట్టయింది. ఆ గంటలో మా ఇంట్లో టీవీ ఒక్కటే మోగుతోంది. మాది డిష్. నేనే లేచి ఆపాను. ఆపాక రిమోట్ పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

ఆయన ఈ బజారుకు మొదట కూలికి వచ్చాడని పెద్దవాళ్ళు చెబుతారు. కొండ మీది చిన్న ఊరు ఆయనది. కేబుల్ ఆఫీసు పెట్టినప్పుడు చెట్లెక్కి తీగ లాగడానికి ఒక మనిషి కావలసివచ్చింది. చెట్లెక్కడం ఆయనకు నడకతో సమానం. తీగ లాగడానికి వచ్చినవాడు పని నేర్చుకుని ఉండిపోయాడు. సన్నగా, కొంచెం వంగి ఉండేవాడు. తీగ పైతొడుగు పళ్ళతోనే ఒలిచేవాడు కాబట్టి ముందు పన్ను మీద ఒక నొక్కు ఉండేది. నవ్వితే ముందు ఆ నొక్కే కనిపించేది. భుజాన గుడ్డ సంచీ, అందులో కటింగ్ ప్లేయరు, నల్లటేపు, చిన్న కత్తి, పొగాకు. పిల్లలతో మొదలై బజారంతా ఆయన్ని కేబుల్ మావయ్య అనేది. నేనూ అలాగే అన్నాను.

మా ఇల్లు వీధికి చివర. నాన్న కింది నుంచి, అనకాపల్లి దగ్గర నుంచి వచ్చి ఇక్కడ కిరాణా కొట్టు పెట్టాడు. నేను విశాఖలో ఫిజిక్స్ చదివి వచ్చి పెదబయలు కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. నాన్న పోయాక ఇంట్లో అమ్మ, నేను ఇద్దరమే మిగిలాం. కొట్టు మూసేశాం. ఆ తర్వాత అమ్మ మాట్లాడటం మానేసింది. పట్టుబట్టి మానడం కాదు. అడిగితే తల ఊపేది, చేయి చూపేది. పొద్దున నేను బస్సుకు వెళ్ళేటప్పుడు టీవీ ముందు కూర్చోబెట్టి వెళ్ళేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి అక్కడే ఉండేది. ఏం చూశావమ్మా అంటే చెప్పేది కాదు. ఇంట్లో మనిషి గొంతంటూ వినిపించేది టీవీలోంచే.

ఆ టీవీ ఒక పొగమంచు ఉదయం పోయింది. బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగి, ఆగి, చివరకు నల్లతెర మీద నో సిగ్నల్ అన్న అక్షరాలు మిగిలాయి. అమ్మ మొహంలో కంగారు చూసి ఫోను చేశాను. పావుగంటలో ఆయన వచ్చాడు.

ఇక్కడొక మాట రాయాలి. మా వీధిలో కొట్ల వాళ్ళ ఇళ్ళల్లో కొండవాళ్ళను గడప దాటనిచ్చేవారు కాదు. మాదీ అలాంటి ఇల్లే. పనికి వచ్చిన వాళ్ళకు టీ ఇచ్చే గ్లాసు వరండా గట్టు మీద వేరుగా బోర్లించి ఉండేది. రాయడానికి సిగ్గుగానే ఉంది. రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది. టీవీ లోపలి గదిలో ఉంది. అది పాడైంది కాబట్టే ఆయన లోపలికి వచ్చాడు.

వచ్చీ రాగానే ఏదీ ముట్టుకోలేదు. నేల మీద కూర్చుని నల్లతెర కేసి చూస్తూ అడగడం మొదలుపెట్టాడు. ముందు ఏ చానల్ పోయింది? బొమ్మ పోయిందా, మాట పోయిందా? మంచు పడుతుంటే పోయిందా, విడిచాక పోయిందా? నాకు తెలియదు. తెలిసిన మనిషి మాట్లాడదు. ఆయన రిమోట్ సెల్లులు చూశాడు, స్విచ్చు చూశాడు, బాక్సు వెనక తీగ విప్పి మళ్ళీ బిగించాడు. గుమ్మం పైన తీగ లోపలికి వచ్చే చోట చూసి, సంచీలోంచి కత్తి తీసి ద్వారబంధం మీద చిన్న గాటు పెట్టాడు. వాళ్ళ ఊళ్ళో కల్లు గీసే జీలుగు చెట్లకు ఎవరి చెట్టుకు వాళ్ళు గాటుతోనే గుర్తు పెట్టుకుంటారు. ఆయన ఆ అలవాటును కేబుల్ పనిలోకి తెచ్చుకున్నాడు.

"అదేంటి మావయ్యా, గుమ్మం కోస్తున్నావ్" అన్నాను.

"ఇక్కడ సూసినానని గుర్తమ్మా. బాగుసేసినానని కాదు. మల్లీ వొచ్చినప్పుడు ఇక్కడే తిరక్కుండా."

ఇంట్లో అంతా చూశాక, బయట తీగ చూడాలన్నాడు. మా ఇంటికి స్తంభాల్లేవు. బజారు చివర స్తంభం నుంచి మా ఇంటికి మధ్య పల్లం, ఆ పల్లంలో కాఫీ తోట. తోటలో నీడ కోసం పెంచి, మిరియపు పాదులు పాకించిన సిల్వర్ ఓక్ చెట్లలో మూడింటికి కట్టి తీగ లాగారు. ఆయనే కట్టాడు, నాన్న ఉన్న రోజుల్లో. మా కిటికీలోంచి చూస్తే ఆ చెట్ల చివర్లు మాత్రమే కనిపిస్తాయి, కింద అంతా చీకటి నీడ.

"ఎవురో ఒకలు టీవీ కాడ నిలబడాలమ్మా. నాను కిందకెల్లి తీగ సూత్తాను. బొమ్మొత్తే సెప్పాల."

నాకు బస్సు వేళయింది. గొంతు తగ్గించి చెప్పాను, "అమ్మ చెప్పదు మావయ్యా. మాట్లాడటం లేదు, నాన్న పోయిన దగ్గర్నుంచి."

ఆయన అమ్మ కేసి ఒకసారి చూశాడు. "మాటాడక్కర్నేదు. కేకేత్తే సాలు" అని దిగి వెళ్ళిపోయాడు.

కాసేపటికి పల్లంలోంచి కేక వచ్చింది.

"వొచ్చిందా అప్పా?"

అప్ప అంటే మా వైపు అక్క. మా అమ్మను ఆ వీధిలో ఎవరూ అలా పిలిచి ఎరగరు. అందరికీ ఆవిడ కొట్టు అమ్మగారు. అమ్మ తెర కేసి చూస్తూ కదలకుండా నిలబడింది.

"వొచ్చిందా అప్పా?" రెండోసారి.

నేను చెబుదామని నోరు తెరిచాను. అమ్మ చేత్తో నన్ను ఆపి కిటికీ దగ్గరకు వెళ్ళింది. "గళ్ళు" అంది. నాకే సరిగ్గా వినపడలేదు.

"ఇనబడ్నేదు."

"గళ్ళొస్తన్నాయి."

"ఇప్పుడో?"

"బొమ్మొచ్చింది. మాట నేదు."

"ఉండుండు. ఇప్పుడు సూడు."

"వొచ్చింది, వొచ్చింది. ఇంక ముట్టుకోకు."

ఆ చివరి మాట ఎంత గట్టిగా అరిచిందంటే టీ దుకాణంలో వాళ్ళు తలెత్తి చూశారు. ఆ రోజు నా బస్సు పోయింది. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

తీగ బాగుపడలేదు. బాగుపడినట్టే ఉండేది, వారం పది రోజుల్లో మళ్ళీ పోయేది. ఒకసారి బాక్సు వెనక పిన్నులో చీమలు గూడు కట్టాయి. ఇంకోసారి స్ప్లిట్టరు తుప్పు పట్టింది, కొత్తది వేశాడు. మరోసారి పక్కింటి బాక్సు తెచ్చి మా టీవీకి పెట్టి, మా బాక్సు వాళ్ళ టీవీకి పెట్టి, తప్పు బాక్సులో లేదని తేల్చాడు. కరెంటు తీగకు దగ్గరగా పోతోందని చూరు కింద తీగ పక్కకు జరిపాడు. ద్వారబంధం మీద గాట్లు పెరిగాయి. ప్రతిసారీ ఇంట్లో చూడవలసిందంతా చూసి, చివరకు పల్లంలోకి దిగేవాడు. కేకలు మొదలయ్యేవి. కాసేపటికి బొమ్మ వచ్చేది.

నేను ఫిజిక్స్ చదువుకున్నాననే గర్వంతో వాదించేదాన్ని. "స్తంభం దగ్గర మొదలుపెట్టి ఇంటికి రావాలి కదా. నువ్వు ఇంటి దగ్గర మొదలుపెడతావేంటి?"

"బాదెవలిదమ్మా? టీవీ సూసేవోలిది. ఆల కాణ్ణించే మొదలెట్టాల."

"అసలు లైను మొత్తం కొత్తది వేసేస్తే గొడవే ఉండదు."

"మొత్తం మార్సీడం పని సేతకానోడు సేసీ పని. తప్పెక్కడో తెల్సుకోకుండా మార్సితే అది కొత్త తీగలోకీ వొచ్చీద్ది." ఇలా అని అమ్మ వైపు తిరిగేవాడు. "నీ గుంట సదువు పెద్దదే గానీ అప్పా, తొందరెక్కువ."

"ఆల నాన్న పోలిక" అనేది అమ్మ.

అమ్మకు ఆయన ఒక పని అప్పగించాడు. ఎప్పుడు పోతోందో, అప్పుడు బయట ఎలా ఉందో గుర్తు పెట్టమన్నాడు. అమ్మ గోడ కేలండరు మీద పెన్సిలుతో అక్షరాలు వేసేది. మంచుకు మం, గాలికి గా, వానకు వా. ఆయన రాగానే వేలు పెట్టి చూపించేది. ఇద్దరూ కేలండరు ముందు నిలబడి డాక్టర్లు ఎక్స్‌రే చూసినట్టు చూసేవాళ్ళు. "గాలికే ఎక్కువ పోతంది తమ్ముడా." "అవునప్పా. గాలీ, తడీ." తమ్ముడా అని ఎప్పుడు మొదలుపెట్టిందో నేను గమనించలేదు. ఒకరోజు వంటింట్లో గిన్నెల బుట్టలో మా గ్లాసులతో పాటు ఆ వరండా గ్లాసు ఆరుతూ కనిపించింది. నేను దాన్ని మళ్ళీ బయట పెట్టలేదు.

బాక్సు ఒకసారి ఆపి వేస్తే మళ్ళీ చానళ్ళు రావడానికి కాసేపు పడుతుంది. బాక్సు లెగాల అనేవాడు ఆయన. అది లేచేదాకా ఇద్దరూ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. మీ ఊళ్ళో సోళ్ళ పంట ఎలాగుంది, పసుపు తవ్వీసినారా అని అమ్మ అడిగేది. ఆయన అడిగితే నాన్న సంగతులు చెప్పేది. నాన్న మొదటిసారి ఉప్పులారీ ఎక్కి ఈ కొండకు వస్తూ మలుపు మలుపుకూ వాంతి చేసుకున్నాడట. క్లీనరు విసిగిపోయి లారీ వెనక నుంచోబెట్టాడట. ఈ సంగతి నాకు తెలియదు. నా కన్నతండ్రి గురించి నాకు తెలియని సంగతులు కేబుల్ పోయిన రోజుల్లో పక్క గదిలోంచి విని తెలుసుకున్నాను.

మరి నేనేం చేశాను? చెబుతాను.

కాలేజీలో ఒక తోటి లెక్చరరు మాటల్లో అన్నాడు, "అలాంటోళ్ళు పూర్తిగా బాగుచెయ్యరు మేడం. చేస్తే మళ్ళీ మనం పిలవం కదా." నేను నవ్వేశాను. కానీ ఆ మాట ఇంటికి నా వెంటే వచ్చింది. కేలండరు ముందు నిలబడి అమ్మ అక్షరాల్లో ఏదో ఒక లెక్క దొరుకుతుందేమోనని వెతికాను. నేను ఇంట్లో లేని రోజుల్లోనే ఎక్కువ పోతోందా? అవునన్నట్టే ఉండేది, మళ్ళీ కాదన్నట్టు ఉండేది. అనుమానించడం నాకు చదువుతో వచ్చిన విద్య. దాన్ని ఎక్కడ ఆపాలో మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి టీవీ నల్లగా ఉంది. నో సిగ్నల్. ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు, అమ్మ కుర్చీలో ఉంది. ఇద్దరూ నవ్వుతున్నారు. అమ్మ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. తీగ సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

"బాగుచెయ్యడానికి వచ్చావా మావయ్యా, కబుర్లకు వచ్చావా?" అన్నాను.

సరదాగా అన్నట్టే అన్నాను. సరదాగా లేదని ముగ్గురికీ తెలుసు. ఆయన లేచి సంచీ తీసుకుని పల్లంలోకి దిగాడు. ఆ రోజు అమ్మ కేకలు పొడిపొడిగా ఉన్నాయి. నాకు కోపం వచ్చిన మాట నిజం. ఆ కోపానికి అప్పుడు నేను వేరే పేరు పెట్టుకున్నాను, పని దొంగతనం, నిర్లక్ష్యం అని. నా దగ్గర అమ్మ అలా ఎప్పుడూ నవ్వలేదు. కోపం ఎక్కడిదో ఇప్పుడు తెలుసు.

ఆ నెలలోనే డిష్ పెట్టించాను.

పాత తీగ తీయడానికి ఆయన్నే పిలిచాను. అలా పిలవడం ఎంత మొరటో అప్పుడు తట్టలేదు. ఆయన ఏమీ అనుకున్నట్టు కనిపించలేదు. ఇంటి మీది డిష్ చూసి, "మంచి దిక్కుకే పెట్టినారమ్మా" అన్నాడు. బాక్సు విప్పి సంచీలో వేసుకున్నాడు. తీగను చూరు దగ్గర కోసి, కోసిన కొసకు నల్లటేపు చుట్టడం మొదలుపెట్టాడు. పనికిరాని తీగకు అంత టేపు దేనికన్నాను.

"నీరు దిగకూడదమ్మా. రేపెప్పుడైనా కావాలంటే."

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "ఇంక రావేటి తమ్ముడా?" అంది.

"సిగ్నల్ బాగున్నప్పుడు నాకేటి పనప్పా ఇక్కడ" అని నవ్వాడు. పన్ను మీది నొక్కు కనిపించింది.

నిజంగానే రాలేదు. ఊరికే రావచ్చు కదా అనుకునేదాన్ని, కొన్నాళ్ళు. ఎలా వస్తాడు? చేతిలో పని లేకుండా ఒక కొండ మనిషి, ఒంటరిగా ఉన్న కొట్టు అమ్మగారి గడప ఎలా దాటుతాడు? మా వీధి దాన్ని ఏమంటుందో ఆయనకు నాకంటే బాగా తెలుసు. పాడైన తీగే ఆయనకు మా ఇంట్లోకి దారి. ఆ దారిని నేను శుభ్రంగా, మంచి దిక్కు చూసి మూసేశాను.

డిష్‌లో బొమ్మ అద్దంలా వచ్చేది. వానకు తప్ప పోయేది కాదు, పోయినా దానంతటదే వచ్చేది. కేలండరు మీద అక్షరాలు ఆగిపోయాయి. అమ్మ మునుపటిలా మౌనం పట్టలేదు, అడిగితే జవాబు చెప్పేది. కానీ కేక వేయడానికి ఏమీ లేదు. ఒక సాయంత్రం వచ్చేసరికి టీవీ ఆగిపోయి ఉంది. చూస్తే బాక్సు వెనక పిన్ను వదులైంది. బిగించాను. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ అదే పిన్ను. మళ్ళీ బిగించాను. అమ్మ నా చేతుల కేసి చూస్తూ కూర్చుంది. మూడోసారి వదులవలేదు. పిల్లి తగిలి ఉంటుందిలే అనుకున్నాను. మా ఇంట్లో పిల్లి లేదు, వీధి పిల్లి ఒకటి వచ్చిపోతుండేది. ఇప్పటికీ ఆ పిల్లి మీదే భారం వేస్తున్నాను.

ఆ పై ఏడు వానాకాలంలో అమ్మ పోయింది. జనం అంతా వరండాలో ఉంటే ఆయన రోడ్డుకు అవతల నిలబడ్డాడు. ఆ రోజు కూడా సంచీ భుజానే ఉంది. దాని పట్టీ రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. అందరూ కదిలాక నా దగ్గరకు వచ్చి, "అప్పది పెద్ద గొంతమ్మా. పల్లంలోకి బాగా ఇనబడీది" అన్నాడు.

తర్వాత ఒక్కసారి మాత్రం అడిగినట్టు అడిగాను. సంతలో ఎదురైతే, "మావయ్యా, ఇంతకీ మా లైనులో తప్పెక్కడుండేది?" అన్నాను. ఆయన సంచీ భుజం మార్చుకున్నాడు. "జాయింటులోనేనమ్మా. తప్పెప్పుడూ జాయింటులోనే ఉంటాది" అని నవ్వి, బేగి ఎల్లాలమ్మా అంటూ వెళ్ళిపోయాడు. అది ఆయన అందరికీ చెప్పే మాటే. నేనూ తలూపాను. మా లైనులో స్తంభం నుంచి చూరు దాకా జాయింటు లేదని, ఒకే తీగ అని నాకు గుర్తు రావడానికి రెండు రోజులు పట్టింది.

ఆయన దినం నాడు వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆటో వెళ్ళినంత దూరం వెళ్ళి, మిగతాది నడిచాను. ఆయన భార్య నన్ను చూసి, "సివరింటి టీచరమ్మ గదా" అంది. చాప వేసింది. టీ ఇచ్చింది, వాళ్ళు తాగే గ్లాసులోనే ఇచ్చింది. ఇంటి దూలానికి ఒక నల్ల తీగ చుట్ట వేలాడుతోంది. దుమ్ము పట్టింది గానీ కొత్తది, విప్పనైనా విప్పలేదు. నేను చూడటం చూసి ఆమె చెప్పింది.

"ఆపీసోలు ఇచ్చినారమ్మా, సేనా ఏళ్ళయింది. సివరింటికి మార్సాల అనీవోడు. మరి మార్సవేటి అంటే, మిరియాలు దింపనీ అనీవోడు. మిరియాలు దింపీసినాక, గాలి తగ్గనీ అనీవోడు. అలాగ ఉండిపోనాది."

"ఏ చివరింటికో చెప్పాడా?"

"అది సెప్పనేదమ్మా. మీ బజారుకి ఒకటే సివరా?"

ఒకటి కాదు. నాలుగు వీధులకు నాలుగు చివరలున్నాయి.

మర్నాడు సెలవు పెట్టి పల్లంలోకి దిగాను. అన్నేళ్ళలో నేను ఒక్కసారీ దిగలేదు. వాడని తీగ ఇంకా మూడు చెట్ల మీదుగా ఉంది. మొదటి చెట్టుకూ మూడో చెట్టుకూ పాత సైకిలు ట్యూబు ముక్క వేసి, వదులుగా కట్టాడు. చెట్టు లావెక్కుతుందని తెలిసిన మనిషి కట్టే కట్టు అది. ఆ రెండు చెట్ల మీదా ఒక్కో గాటు. మధ్య చెట్టుకు మాత్రం ఇనుప తీగతో బిగించి కట్టాడు. ఎందుకలా కట్టాడో, ట్యూబు అయిపోయిందో, ఆ రోజు నాన్నే తొందరపెట్టాడో. ఆ చెట్టు మీద ఛాతీ ఎత్తులో గాట్లు వరసగా ఉన్నాయి. కొత్తవి సన్నగా, పాతవి చెట్టుతో పాటు సాగి వెడల్పుగా. లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేశాను. మిరియపు పాదు ఆకులు పక్కకు నెట్టి చూస్తే తీగ కనిపించింది. కనిపించలేదు అనాలి. ఒకవైపు నుంచి బెరడులోకి దిగి, రెండో వైపు బయటకు వస్తోంది. చెట్టు పెరుగుతూ పెరుగుతూ కట్టును, తీగను కలిపి మింగేసింది. లోపల నలిగిపోయి ఉంటుంది. గాలికి చెట్టు ఊగినప్పుడల్లా, తడి దిగినప్పుడల్లా బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగేది అందుకే. అమ్మ కేలండరు సరిగ్గానే చెప్పింది. గాలీ, తడీ.

గాటు అంటే చూశానని గుర్తు, బాగుచేశానని కాదు. దొరికిందని కూడా కాదేమో. ఆకుల వెనక ఉన్నది ఆయనకు కనిపించలేదేమో. లేదా కనిపించి, తీగ లాగితే పాదు తెగుతుందని, తోట వాళ్ళ నోటి కూడు పోతుందని వదిలేశాడేమో. కొత్త తీగ వేసేద్దామని తెచ్చుకుని, మనందరం వాయిదా వేసినట్టే వేశాడేమో. లేదా ప్రతిసారీ ఈ చెట్టు కింద నిలబడి, తీగను కాస్త వదులు చేసి, పైనున్న కిటికీ కేసి కేక వేసి, జవాబు కోసం ఎదురుచూశాడేమో. ఆయనకు తెలియదనుకుంటే నేను చేసిన తప్పు చిన్నదైపోతుంది. కానీ అప్పుడు ఆయన మాకు ఇచ్చింది కూడా చిన్నదైపోతుంది. అది నాకు ఇష్టం లేదు. తెలుసనుకుంటే, అమ్మకు దొరికిన ఒక్క మాటల దారినీ నా చేత్తో కోయించి, టేపు కూడా చుట్టించానన్నమాట. అది భరించడం కష్టం.

చెట్టు కింద నిలబడి తలెత్తి చూశాను. అక్కడి నుంచి మా కిటికీ బాగా కనిపిస్తుంది. ఈ సంగతి నాకు తెలియదు. కిటికీలో నిలబడ్డ మనిషి మొహం కూడా కనిపిస్తుంది.

ఆయనకు తెలుసో తెలియదో, తెలిస్తే ఎవరి కోసం ఉంచాడో, నేను ఇవాళ్టికీ తేల్చుకోలేకపోయాను. గాలి వీచినప్పుడు చెట్టుకు ఇటు తీగ ఊగుతోంది, అటు తీగ ఊగుతోంది. చెట్టు లోపలున్న జానెడు మాత్రం కదలడం లేదు.